ఎనిమిదో ట్రాక్

ఆర్విడ్ హాకలా పందొమ్మిదేళ్ళుగా బేస్ గిటార్ వాయిస్తున్నాడు. ఆ పందొమ్మిదేళ్ళూ ఒక దెబ్బ ముందే వస్తున్నాడు. పాట మధ్యలో అందరూ ఆగి, నాలుగు దెబ్బలు లెక్కపెట్టుకుని కలిసి ఎత్తుకోవాల్సిన చోట ఈ మహానుభావుడు మూడింటికే ఎత్తుకుంటాడు. ఎందుకయ్యా అంటే, వెనకబడిపోతానేమోనని భయమట. హాన్‌కాక్ ఊళ్ళో అతన్ని ఎరిగినవాళ్ళెవరూ దీనికి ఆశ్చర్యపోరు. రోడ్ల శాఖలో మంచు తోసే లారీ అతనిది. మొదటి మంచు పడకముందే వెళ్ళి అందులో కూర్చునే రకం. పెళ్ళికి గంట ముందు వెళ్తాడు, చావుకి గంటన్నర ముందు వెళ్తాడు. తన పెళ్ళికి మాత్రం నలభై మూడేళ్ళొచ్చినా ఇంకా బయల్దేరలేదని డ్రమ్ములు వాయించే బడ్ ఏడిపిస్తూ ఉంటాడు.

అతనికి ఇంకో జబ్బుంది. దాన్ని అతను పొదుపంటాడు. ఒక వైపు రాసిన కాగితాన్ని పారెయ్యడు, వెనక వైపు కూడా రాస్తాడు. కాఫీ డబ్బా ఖాళీ అయితే మేకులు పోస్తాడు. పాత క్యాసెట్టు కంటబడితే దాని మీద కొత్తది ఎక్కిస్తాడు. ప్రాక్టీసు జరిగేటప్పుడు కుర్చీ మీద చిన్న టేప్ రికార్డరు పెట్టి పాటలు పట్టేవాడు. వారం తిరిగేసరికి ఆ పాటల మీద రేడియోలో వచ్చిన హాకీ మ్యాచ్ ఎక్కి కూర్చునేది. పందొమ్మిదేళ్ళలో అలా ఎన్ని పాటలు హాకీ పాలయ్యాయో లెక్కలేదు. అప్పట్లో ఎవరికీ అది తప్పుగా తోచలేదు, పాడే మనిషి వారం వారం కళ్ళముందే ఉండేది కనక.

పాడే మనిషి ఐలీ నీమి. ఆమెకు ముందు మైకు, మిగతా ముగ్గురికీ వెనక చోటు. వెనకాల ఆర్విడ్, డ్రమ్ముల దగ్గర బడ్ ట్రెవారో, గిటారు పట్టుకుని లైల్ కెట్టునెన్. బ్యాండు పేరు సెకండ్ షిఫ్ట్. రాగి గనిలో వాళ్ళ నాన్నలందరూ సెకండ్ షిఫ్టే చేసేవారు. గని మూతబడింది, నాన్నలు ఒక్కొక్కరే పోయారు, పేరొకటి మిగిలింది. ఊళ్ళో ఫిన్నిష్ వాళ్ళు కట్టుకున్న ఫిన్నిష్ హాల్లో డ్యాన్సులకీ, పెళ్ళిళ్ళకీ, అగ్నిమాపక దళం వాళ్ళ విందులకీ వీళ్ళే. ఒప్పుకోవాల్సిన మాట ఒప్పుకుందాం, జనం వచ్చేది ఐలీ కోసం. గొప్ప గొంతేమీ కాదు. కాస్త జీర, పైకి వెళ్తే కాస్త పగులు. కానీ ఆమె పాడుతుంటే వంటింట్లో పనిచేసుకుంటున్న మనిషి మనతో ఏదో చెబుతున్నట్టు ఉండేది. వినేవాళ్ళు చేతిలో గ్లాసు పక్కన పెట్టేవాళ్ళు.

తొంభై రెండో సంవత్సరం సెప్టెంబరులో ఒక ప్రాక్టీసు అయ్యాక ఐలీ కోటు వేసుకుంటూ అంది, "ఒరేయ్, క్యాసెట్ వేద్దాంరా. ఈ ఏడాదే."

"ఇన్నాళ్ళూ లేని తొందరేమొచ్చింది తల్లీ?" అన్నాడు లైల్.

"తొందరేముంది, పందొమ్మిదేళ్ళేగా అయింది. ముసలాళ్ళమయ్యాక వేస్తే అట్ట మీద ఫొటో ఎవరు చూస్తారు?"

అందరూ నవ్వారు. ఎందుకు ఈ ఏడాదే అని గట్టిగా అడిగినవాడు ఒక్కడూ లేడు. ఆర్విడ్ అయితే ఆ మర్నాడే పని మొదలుపెట్టేశాడు. మూతబడిన రేడియో స్టేషను నుంచి ఎనిమిది ట్రాకుల టేపు మిషనొకటి లారీకెక్కించి తెచ్చాడు. మిల్వాకీలో క్యాసెట్లు కాపీ చేసేవాళ్ళకి ఉత్తరం రాశాడు. క్యాసెట్ విడుదల డ్యాన్సుకి జనవరి ఆఖరి శనివారం ఫిన్నిష్ హాలు అడిగి పెట్టాడు. పాట ఒక్కటీ పట్టకముందే, అక్టోబరులోనే, అట్టలు కూడా అచ్చేయించాడు. అట్ట మీద నాలుగో వరసలో, 'గానం: ఐలీ నీమి' అని ఉంది. అది చూసి ఐలీ, "నా పేరు ఇంత పెద్దగా ఎందుకురా, ఓట్లకి నిలబడ్డానా?" అంది. కానీ ఒక అట్ట మడిచి పర్సులో పెట్టుకుంది.

రికార్డింగుకి లూథరన్ చర్చి కింది హాలు ఇచ్చారు. పథకమంతా ఆర్విడ్‌దే. నవంబరు మొదటి శని, ఆదివారాలు అందరూ కలిసి వాయించడం, మధ్యలో చిన్న చిన్న అతుకులు, నెలాఖర్న థ్యాంక్స్‌గివింగ్ పండగ వెళ్ళాక ఐలీ ఒక్కతే వచ్చి స్థిమితంగా పాడుకోవడం. టేపు మీద ఎనిమిది ట్రాకులు, అంటే పక్కపక్కన ఎనిమిది గీతలనుకోండి. మూడు డ్రమ్ములకి, ఒకటి బేస్‌కి, రెండు గిటారుకి పోయాయి. ఏడోది గైడ్‌కి. ఎనిమిదోది ఐలీ అసలు గొంతు కోసం ఖాళీగా ఉంచాడు. గైడ్ అంటే, పాట ఎక్కడిదాకా వచ్చిందో వాయించేవాళ్ళకి తెలియడానికి గాయని ఊరికే పాడి పెట్టే గొంతు. అసలుది వచ్చాక దాన్ని తుడిచేస్తారు. ఇల్లు కట్టాక పరంజా ఊడదీసినట్టే. దాన్ని దాచుకోవడం గానీ, తుడిచేముందు పాడినవాళ్ళని అడగడం గానీ ఎక్కడా లేదు. అది ఎవరిదీ కాదు.

ఆ రెండు రోజులూ ఐలీ కోట్లు తగిలించే మూల నిలబడి గైడ్ పాడింది. పక్కన వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, చేతిలో రుమాలు. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటి రెండుసార్లు బయటికి వెళ్ళొచ్చింది. జలుబని చెప్పింది. పాట మొదలైతే మాత్రం ఎక్కడా తగ్గించలేదు. డ్యాన్సు రాత్రి నిండు హాలుకి పాడినట్టు పాడింది.

"గైడ్‌కి ఇంత గొంతెందుకమ్మా? దాచుకో," అన్నాడు లైల్.

"దాచుకుని ఏం చేసుకోను? నువ్వు గిటారు శ్రుతి చూసుకో ముందు," అంది.

ఆదివారం ఆఖరి పాట. మధ్యలో ఆగి నాలుగు దెబ్బలు లెక్కపెట్టాల్సిన పాట. ఇంకేముంది, ఆర్విడ్ మూడింటికే ఎత్తుకున్నాడు. అందరూ ఆగిపోయారు. ఐలీ ఆ మూల నుంచి తిట్టిన తిట్టుకి బడ్ కర్రలు కింద పడేసి నవ్వాడు. మళ్ళీ వాయించారు, ఈసారి కుదిరింది. తప్పిపోయిన పాట మీదికి టేపు వెనక్కి తిప్పి దాని మీదే ఎక్కించడం ఆర్విడ్ అలవాటు. ఆ రోజు నవ్వుల్లో తిప్పడం మర్చిపోయాడు. జన్మలో అతను వృథా చేసిన టేపు అదొక్కటే.

తర్వాత జింకల వేట మొదలైంది. నవంబరు పదిహేనొచ్చిందంటే మా ఊళ్ళో పెళ్ళిళ్ళుండవు, మీటింగులుండవు, మగాళ్ళుండరు. బడ్, లైల్ తుపాకులూ బీరు పెట్టెలూ వేసుకుని అడవిలో గుడిసెలకి పోయారు. రెండు వారాలదాకా వాళ్ళకి కబురందదు. ఆర్విడ్ వేటాడడు. ఒకసారి వెళ్ళాడట, జింక రాకముందే కాల్చాడట. కాబట్టి ఊళ్ళో ఉండిపోయాడు. ఆ శనివారం చర్చి కింది హాల్లో అతనూ, టేపు మిషనూ, గోడవార ఒక పాత ఆర్గనూ మిగిలారు.

ఆ ఆర్గన్ మీద అతనికి చిన్నప్పట్నుంచీ మోజు. వాళ్ళమ్మ ఆదివారాలు వాయించేది. పాటల కింద సన్నగా ఆర్గన్ ఉంటే ఎంత బాగుంటుంది అనుకున్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరితోనూ అనలేదు. తీరా ట్రాకు కావాలి. ఎనిమిదోది ఐలీది, ముట్టుకోకూడదు. ఏడోది గైడ్, రెండు వారాల్లో ఎలాగూ తుడిచేదే. ఇవాళే తుడిచేస్తే పోలా అనుకున్నాడు. మనిషి శుభ్రత గలవాడు కదా, ముందు ఏడో ట్రాకుని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా, పాటలూ పాటల మధ్య ఖాళీలూ ఏదీ వదలకుండా తుడిచాడు. తర్వాత రెండు రోజులు కూర్చుని ఎనిమిది పాటలకీ ఆర్గన్ వాయించాడు. బాగా వచ్చింది కూడా. ఆదివారం సాయంత్రం ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాడు.

బుధవారం పొద్దున షెడ్డులో లారీకి మంచు తోసే రేకు బిగిస్తుంటే హెల్మీ వచ్చింది. ఐలీకి అక్క. ఆ అక్కాచెల్లెళ్ళది వంతెన దగ్గర రొట్టెల దుకాణం. పైనే ఇల్లు. దుకాణం వదిలి హెల్మీ ఇంతదూరం రావడం అతనెప్పుడూ చూడలేదు.

"ఏంటక్కా, పొద్దున్నే? రొట్టె ఇంటికే తెచ్చిస్తున్నావా ఈ మధ్య?"

"చేతులు తుడుచుకుని ఇలా రా," అంది హెల్మీ. వచ్చాడు. "ఐలీకి సోమవారం ఆపరేషనైంది. గ్రీన్ బే ఆస్పత్రిలో."

"ఆపరేషనా? దేనికి?"

"గొంతుకి. క్యాన్సరు. మాట పలికే పెట్టె మొత్తం తీసేశారు. బతుకుతుందన్నారు. మాట మాత్రం ఇక రాదు."

ఆర్విడ్ తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు. "మాకొక్క మాట చెప్పలేదేం?"

"చెబితే ఏం చేసేవాళ్ళు? మొహాలు వేలాడేసుకుని వాయించేవాళ్ళు. ఆ మొహాలు చూస్తూ నేను పాడలేనే అక్కా అంది. నన్ను కూడా ఒట్టు పెట్టి నోరు మూయించింది."

"మరి పండగ వెళ్ళాక వచ్చి పాడతానందిగా?"

"అంది. రానని సెప్టెంబరులోనే తెలుసు దానికి. అందుకేగా గైడ్ అంటూ అంటూ అసలు పాటే పాడేసింది. రెండు రోజులూ ఇంటికొచ్చి రక్తం ఉమ్మిందయ్యా! మత్తు ఇచ్చే ముందు నాకు చెప్పిన ఆఖరి మాట కూడా ఇదే. ఆర్విడ్‌కి చెప్పు, గైడ్ వాడుకోమను, అదే నా పాట అంది. నోటితో అన్న ఆఖరి మాట. చెప్పాను. నా పని అయింది."

ఇదిగో, ఇక్కడ చెప్పాల్సింది. నోరు తెరిచి, అక్కా, తుడిచేశాను అని ఒక్క మాట అనాల్సింది. అనలేదు. అన్నిటికీ ముందుండే మనిషి దీనికి మాత్రం వెనకబడ్డాడు. "సరే అక్కా," అన్నాడు. హెల్మీ అతని భుజం తట్టి, ఏలకుల రొట్టె ఒకటి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. అతను లారీ చక్రం పక్కన కూర్చుని, తోటివాళ్ళు వచ్చి లేపేదాకా ఏడ్చాడు.

ఆ తర్వాత పది రోజులూ ఏం తిన్నాడో, ఎప్పుడు పడుకున్నాడో తెలియదు. పొద్దున మంచు తోయడం, మధ్యాహ్నం నుంచి వెతకడం. మంచం కింద చెప్పుల పెట్టెలో పాత ప్రాక్టీసు క్యాసెట్లు నలభై ఉన్నాయి. ప్రతిదాని మీదా 'సెకండ్ షిఫ్ట్' అని రాసి కొట్టేసి, కింద 'హాకీ' అని తన చేతి రాతే. ఒక్కొక్కటీ మొదట్నుంచి విన్నాడు. మ్యాచ్ అయిపోయాక మిగిలిన చివరన అయినా పాట ఉంటుందేమోనని ఆశ. మ్యాచ్ అయ్యాక కూడా మిషను ఆపకుండా వదిలేసినట్టున్నాడు, వాతావరణ వార్తలున్నాయి. నలభై టేపులూ అంతే. పందొమ్మిదేళ్ళ మంచు సమాచారం మొత్తం ఉంది, ఐలీ ఒక్కతే లేదు. బడ్ పాత ట్రక్కులో ఒక క్యాసెట్టుండేదని గుర్తొచ్చి వాళ్ళావిణ్ణి అడిగి తెచ్చుకున్నాడు. ఎండకి వంకర తిరిగిపోయి ఉంది. విప్పి కొత్త డబ్బాలో చుట్టి పెడితే, అది కూడా తను ఎక్కించి ఇచ్చినదే. హాకీ.

బడ్, లైల్ అడవి నుంచి రాగానే బడ్ గ్యారేజీకి వెళ్ళాడు. వాళ్ళు దూలానికి వేలాడదీసిన జింక కింద నిలబడి కాఫీ తాగుతున్నారు. ఐలీ సంగతి అప్పుడే తెలిసింది వాళ్ళకి. బడ్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రారా. చూశావా ఎంత పని చేసిందో! ఒక్క మాట చెప్పకుండా," అన్నాడు బడ్. "పోనీలే, గైడ్ ఉందిగా. అది చాలు. నిజానికి గైడే బాగుంది."

ఆర్విడ్ చెప్పాడు.

"అన్ని పాటలా?" అన్నాడు లైల్ మెల్లగా.

"అన్నీ."

"ఎందుకురా?"

"ఆర్గన్ పెడదామని."

"ఆర్గన్ ఎవడడిగాడ్రా నిన్ను?" అని అరిచాడు బడ్. "ఎవడడిగాడు? ఈ బ్యాండులో ఒక్కడైనా, ఒరేయ్ ఆర్విడ్, మాకు ఆర్గన్ లేక అన్నం సయించడం లేదు అన్నాడా? రెండు వారాలు ఆగలేకపోయావా? రెండు వారాలు! చేతులు కట్టుకుని కూర్చోలేకపోయావా?"

"లేకపోయాను."

"ఊరుకో బడ్," అన్నాడు లైల్. "గైడ్‌ని ఎవడు దాచుకుంటాడు? నేనైనా తుడిచేవాణ్ణే."

"నువ్వు తుడవలేదుగా. వీడు తుడిచాడు." బడ్ కప్పులో మిగిలిన కాఫీ నేల మీద పోసేశాడు. "నువ్వే చెప్పుకో ఆమెకి. నేను రాను."

లైల్ మేనకోడలు బాగానే పాడుతుంది, ఆమెతో పాడిద్దామా అన్న మాట ఒకసారి వచ్చింది. అన్నది ఎవరో ఇప్పుడు ఒప్పుకోరు. అట్ట మీద ఐలీ పేరుంది. ఆ పేరు కింద ఇంకొకరి గొంతు పెట్టడానికి ముగ్గురికీ మనసొప్పలేదు. మాట అక్కడే ఆగిపోయింది.

ఇక మిగిలింది డ్రమ్ముల ట్రాకులు. అందరూ ఒకే హాల్లో వాయించారు కనక, డ్రమ్ముల పైన వేలాడదీసిన మైకుల్లోకి ఐలీ గొంతు ఎంతో కొంత దూరి ఉండాలి. ఆర్విడ్ డిసెంబరంతా మధ్యాహ్నాలు ఆ హాల్లో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాడు. పైన చర్చి ఆడవాళ్ళు క్రిస్మస్‌కి కుర్చీలు సర్దుతున్న చప్పుడు. గొంతు ఉంది. ఉందంటే ఉంది. రేకుల కప్పు మీద వాన పడుతుంటే పక్కింట్లో ఎవరో పాడుతున్నట్టుంది. ఆమె పాడుతోందని తెలుస్తుంది, ఏం పాడుతోందో తెలియదు. పెంచితే బడ్ తాళాలే పెరిగాయి. తగ్గిస్తే రెండూ పోయాయి. ఎనిమిది పాటలు, వెనక్కీ ముందుకీ తిప్పి తిప్పి విన్నాడు. తన ఆర్గన్ మాత్రం ఏడో ట్రాకులో హాయిగా, స్పష్టంగా వినిపిస్తోంది. దాన్ని తుడిచి పారేశాడు. దానివల్ల ఒరిగిందేమీ లేదు.

క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు టేపు చివర, ఆఖరి పాటకి ముందు మిగిలిపోయిన ముక్క దగ్గరికొచ్చాడు. తప్పిపోయిన పాట. దాన్ని అన్నాళ్ళూ వినలేదు, తప్పిపోయింది కదా, ఎందుకని. పాట నడిచింది, అందరూ ఆగారు. ఒకటి, రెండు, మూడు, తన బేస్ డుమ్మని ముందుకొచ్చింది. డ్రమ్ములు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో, వానలేదు, రేకుల్లేవు, ఐలీ గొంతు పక్కన నిలబడ్డట్టు వచ్చింది.

"ఆర్విడ్! మళ్ళీ ముందే వచ్చావు! పందొమ్మిదేళ్ళయిందిరా, నాలుగంకెలు నేర్చుకోలేవా? నీతో చచ్చిపోతున్నాను నేను." తర్వాత కర్రలు కింద పడ్డ చప్పుడు, బడ్ నవ్వు. మళ్ళీ ఆమె, ఈసారి నవ్వుతూ, "సరే, పట్టు. మొదట్నుంచి."

పదకొండు సెకన్లు. ఆర్విడ్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి పైకి వెళ్ళాడు. చర్చి ఆడవాళ్ళు కాఫీ ఇస్తే తాగాడు. వాళ్ళు ఏదో అడిగారు, ఏదో చెప్పాడు. మళ్ళీ కిందికొచ్చి ఆ పదకొండు సెకన్లనీ ఖాళీగా ఉన్న ఎనిమిదో ట్రాకుకి ఎక్కించాడు. ఒక చిన్న క్యాసెట్టులోకి కూడా ఎక్కించాడు, కొత్తది కొని.

కొత్త సంవత్సరం వెళ్ళాక హెల్మీ ఫోను చేసింది. "ఇంటికొచ్చి పదిహేను రోజులైంది. బడ్ వచ్చాడు, లైల్ వచ్చాడు. ఇద్దరూ పాట సంగతెత్తితే నేల చూస్తారు. నువ్వైతే అసలు మొహమే చూపించవు. అది వింటానంటోంది. ఎప్పుడు తెస్తావ్?"

"రేపు వస్తానక్కా."

మర్నాడు వెళ్ళాడు. జీవితంలో మొదటిసారి, చెప్పిన టైముకి నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాడు. దుకాణం వెనక గదిలో ఐలీ బల్ల దగ్గర కూర్చుని రొట్టెలకి కాగితాలు చుడుతోంది. మెడ చుట్టూ నీలం రుమాలు. బాగా చిక్కింది. అతన్ని చూసి నవ్వి, పక్కనున్న దుకాణం చీటీల కట్ట మీద పెన్సిలుతో రాసి ఇటు తిప్పింది. 'గడియారం పోయిందా?'

అతను నవ్వలేకపోయాడు. ఆమె ఇంకోటి రాసింది. 'వినిపించు.'

"ఐలీ, లేదు. గైడ్ లేదు. తుడిచేశాను. వేట వారంలో. ఆర్గన్ పెట్టడానికి. నీ సంగతి తెలియదు. అంతా వెతికాను, పాత టేపులన్నీ విన్నాను. ఎక్కడా లేవు. ఒక్క పాట లేదు."

ఐలీ చేతిలో కాగితం అలాగే ఉంది. హెల్మీ గుమ్మంలోంచి, "ఏమన్నావ్?" అంది. మళ్ళీ, "నాతో సరే అన్నావు కదరా! లారీ దగ్గర సరే అక్కా అన్నావు కదరా!" అంది. ఐలీ చెయ్యెత్తి అక్కని ఆపింది. పెన్సిలు తీసుకుంది. 'అన్నీనా?'

"అన్నీ. ఇదొక్కటి మిగిలింది." చిన్న టేప్ రికార్డరు బల్ల మీద పెట్టాడు. మీట నొక్కడానికి అతని వేలు రాలేదు. ఐలీయే నొక్కింది.

ఆ పదకొండు సెకన్లు చిన్న గదిలో చాలా పెద్దగా వినిపించాయి. హెల్మీ నడుముకి కట్టుకున్న పిండి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఐలీ వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. మళ్ళీ విన్నది. నాలుగోసారి వింటూ పెదాలు కదిపింది. ఆపరేషనులో మెడకి పెట్టిన రంధ్రంలోంచి గాలి వచ్చి రుమాలుని కదిలించింది, శబ్దం రాలేదు. అప్పుడు ఆపేసింది.

అతను కోటు బొత్తాలు పెట్టుకుంటూ తీసుకుంటూ నిలబడ్డాడు. ఆఖరికి ఆమె రాసి చీటీ చింపి ఇచ్చింది. అందులో రెండు వరసలు. 'ఇదే పెట్టండి, చివర్న.' దాని కింద, 'నన్నొక్క మాట అడగాల్సింది.'

"ఐలీ," అన్నాడు.

ఆమె పెన్సిలు చెవి వెనక పెట్టుకుని ఇంకో రొట్టె అందుకుంది. హెల్మీ తలుపు తీసి పట్టుకుంది.

జనవరి ఆఖరి శనివారం డ్యాన్సు జరిగింది. క్యాసెట్లు మిల్వాకీ నుంచి అనుకున్న రోజుకే వచ్చాయి. ముగ్గురూ వాయించారు, మధ్యలో మైకు ఖాళీగా నిలబెట్టి. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. మర్యాదకి తలా ఒక క్యాసెట్టు తీసుకున్నారు. బడ్ ఆ రాత్రే డ్రమ్ములు మూటగట్టేశాడు, మళ్ళీ విప్పలేదు. సోమవారం నుంచి క్యాసెట్లు వెనక్కి రావడం మొదలైంది, వచ్చింది కూడా రొట్టెల దుకాణానికి. అట్ట మీద ఐలీ పేరు చూసి కొన్నవాళ్ళు కదా మరి. "టేపు పాడైనట్టుందమ్మా, గొంతు రావడం లేదు," అని హెల్మీ చేతికిచ్చి పోయేవారు. హెల్మీ ఏమీ అనకుండా తీసుకుని, డబ్బులు ఇచ్చి పంపేది. రెండు వారాలకి బల్ల కింద పెద్ద అట్టపెట్టె నిండింది. చివరిదాకా విన్నవాళ్ళు ఊళ్ళో పదిమంది కూడా ఉండరు.

ఐలీ ఇప్పటికీ ఆ వెనక గదిలోనే రొట్టెలు చుడుతుంది. బడ్ వెళ్తే రాస్తుంది, లైల్ వెళ్తే రాస్తుంది, పిల్లల్ని అడుగుతుంది, పిచ్చి పిచ్చి జోకులు రాస్తుంది. ఆర్విడ్ వెళ్తే తల ఊపుతుంది, రొట్టె ఇస్తుంది. చెవి వెనక పెన్సిలు చెవి వెనకే ఉంటుంది. అతని కోసం ఆ చీటీల కట్ట మళ్ళీ తీయలేదు. అతను ప్రతి శుక్రవారం వెళ్తూనే ఉన్నాడు. చెప్పిన టైముకే వెళ్తాడు ఇప్పుడు, ముందు వెళ్ళడం మానేశాడు.

మంచు లారీలో ఒక క్యాసెట్టు ఉంటుంది. మంచు పడ్డ ప్రతి పొద్దునా పెడతాడు. మొదటి వైపు నాలుగు పాటలు, రెండో వైపు నాలుగు. ఏ ఒక్క దాంట్లోనూ మాట తెలిసే గొంతు లేదు. సరస్సు పక్క రోడ్డంతా తోసుకుంటూ వెళ్ళి, లైట్‌హౌస్ మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆఖరి పాట అయిపోతుంది. కాస్త నిశ్శబ్దం. అప్పుడు అతను రేకు పైకెత్తి లారీ ఆపుతాడు, ఇంజిను కూడా ఆపేస్తాడు.

"ఆర్విడ్! మళ్ళీ ముందే వచ్చావు!" అని తిడుతుంది ఐలీ. నాలుగంకెలు నేర్చుకోలేవా అంటుంది. కర్రలు పడతాయి, బడ్ నవ్వుతాడు. "సరే, పట్టు. మొదట్నుంచి," అంటుంది.

టేపు అయిపోతుంది. అతను ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టి, క్యాసెట్టు తీసి, తిప్పి, మళ్ళీ మొదట్నుంచి పెడతాడు.